గోడవైపు గీతలు

నాచారంలో ఫ్యాక్టరీల వెనక గల్లీకి పోయి కనకరాజు షెడ్డు ఎక్కడని అడిగితే, "మెరుపు కనకరాజా?" అని ఎదురు అడిగేవాళ్ళు. ఆ పేరు ఊరికే రాలేదు. తలుపు చేసిచ్చాడంటే అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు, అంత నున్నగా ఉండేది. చేతిలో చిత్రిక పట్టే రందా ఉంటే ఆ మనిషికి ఆకలి గుర్తుండదు, ఇచ్చిన మాట గుర్తుండదు, ఎదురుగా నిలబడి అరుస్తున్న గిరాకీ కూడా గుర్తుండడు. ఇంట్లో భార్య సారలమ్మ జొన్నరొట్టెలు చేసే పీటకు మరక కనబడిందని ఏటా ఒకసారి రందా పట్టేవాడు. ఏళ్ళు గడిచేసరికి పీట అప్పడమంత అయింది. "నా పీటను సగం నువ్వే తిన్నవు" అని ఆమె దెప్పితే, మిగతా సగం ఎంత అందంగా ఉందో చూడమనేవాడు. ఇలాంటి మనిషిని లోకం ఏం చేస్తుంది? మెచ్చుకుంది. ఇళ్ళు కట్టుకునేవాళ్ళు మెచ్చుకున్నారు, బిల్డర్లు మెచ్చుకున్నారు, పోటీ షెడ్ల వాళ్ళు ఏడుస్తూనే మెచ్చుకున్నారు. నన్నడిగితే, చెడిందంతా అక్కడే చెడింది.

కనకరాజు పుట్టింది భువనగిరి అవతల ఒక పల్లెలో, నాగళ్ళూ బండిచక్రాలూ చేసే వడ్లవాళ్ళ ఇంట్లో. ట్రాక్టర్లు వచ్చి నాగళ్ళు అటకెక్కాక, పెళ్ళాన్నీ ఉలుల సంచినీ వెంటబెట్టుకుని నాచారం చేరాడు. కొన్నేళ్ళు ఒక ఫ్యాక్టరీలో, మిషన్లు పెట్టి పంపే కర్రపెట్టెలకు మేకులు కొట్టాడు. ఊరు దాటగానే పగలగొట్టి పొయ్యిలో పెట్టే ఆ పెట్టెలకు కూడా రందా పట్టబోయేవాడు. సూపర్‌వైజరు మొదట నవ్వాడు, తర్వాత కేకలేశాడు, చివరికి ఇంటికి పంపాడు. అప్పుడే సొంత షెడ్డు వేసుకున్నాడు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలం కాబట్టి తలుపులకూ, వాటిని బిగించే దర్వాజలకూ కొదవ లేదు.

పనిలో ఒక్క పట్టింపు ఉండేది. సిమెంటు ముట్టడు. దర్వాజ నిలబెట్టి మట్టం చూసి, మేస్త్రీ తాపీ అందుకోగానే వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఎందుకలా అంటే, "కర్ర తప్పయితే మల్ల ఊడదీసి సూసుకోవచ్చు. సిమెంటు ఒక్కపారి గట్టిపడ్డదంటే ఇగ ఎవ్వని మాటా ఇనదు" అనేవాడు.

అలాంటివాడికి దొరికింది పట్వారీవాళ్ళ భవంతి.

పాత ఉప్పల్‌లో, మెయిన్ రోడ్డు మోత వినపడనంత లోపలికి ఉండేది ఆ ఇల్లు. బయటినుంచి చూస్తే పెద్ద గొప్పేమీ లేదు. రెండు అరుగులు, ఒక పెద్ద దర్వాజ, పైన గూనపెంకలు. గడప దాటితేగాని దాని సంగతి తెలిసేది కాదు. నడుమ ఆకాశానికి తెరిచిన గచ్చు, దాని చుట్టూ వసారాల్లాంటి నాలుగు దాలానాలు, దాలానాల్లో వరసగా గోడకు వీపు ఆనించిన టేకు స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద పెంకలను మోసే దంతెలు. గోడలు మట్టివి, మూరెడు పైనే మందం. అయినా అవి ఏమీ మొయ్యవు. ఎండకూ దొంగకూ అడ్డం, అంతే. ఇంటి బరువంతా కర్రే మోసేది. ఇంటి మొత్తానికి ఒక్క ఇనుప మేకు లేదు. దూలం కొసను నాలుకలాగా చెక్కి, స్తంభంలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి, అడ్డంగా ఒక చెక్క చీల దిగ్గొట్టారు. ఒక వానాకాలం పడమటి గోడ నిలువునా జారి కుప్పపడితే, పైన ఒక్క పెంక కదల్లేదు. పాలు పోసేవాడు మాత్రం దారి తప్పి గోడలోంచి వంటింట్లోకి వచ్చాడని చెప్పుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో తారామణి ఒక్కతే ఉండేది. పట్వారీ మనవరాలు, నాచారం సర్కారు బడిలో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. తమ్ముడు ఉమామహేశ్వర్ బ్యాంకులో పనిచేసేవాడు, కాపురం తార్నాకలో. ఏటా వానలకు ముందు ఉబ్బిన తలుపులు సరిచేయించడానికి ఆమె కనకరాజును పిలిచేది. గంటలో అయ్యే పనికి అతను సాయంత్రం దాకా ఉండేవాడు. స్తంభం నుంచి స్తంభానికి తిరిగేవాడు, తడిమేవాడు, తల అడ్డంగా ఆడించేవాడు. "నా స్తంభాలకు దిష్టి తగిలేటట్టున్నది, ఇగ ఇంటికి పో" అని ఆమె తరిమేది. వయసులో ఆమె రెండేళ్ళు పెద్ద. అతను తారక్కా అని పిలిచేవాడు.

రెండు వేల ఏడు, ఎనిమిదికి వచ్చేసరికి ఉప్పల్‌లో భూమికి పిచ్చిపట్టింది. నిన్న మొన్నటి దాకా ఎవరూ మొహం చూడని గల్లీల్లోకి కార్లు రాసాగాయి. ఉమామహేశ్వర్ ఒక బిల్డరును వెంటబెట్టుకుని వచ్చాడు. భవంతి జాగాలో అయిదు అంతస్తులు, అక్కకు రెండు ఫ్లాట్లు, తనకు రెండు. అతన్ని తిట్టుకోవడానికేం లేదు. కప్పు కారే ఇంట్లో అక్క ఒంటరిగా ఉంటే అతనికి నిద్రపట్టేది కాదు. ఆమె వారం రోజులు ఆలోచించింది. తర్వాత ఒక ఆదివారం కనకరాజును పిలిపించింది.

"ఇల్లు పడగొడ్తె ఏమొస్తది కనకరాజూ?"

"పడగొడ్తె కట్టెలొస్తయి అక్కా. విప్పితె ఇల్లొస్తది."

"అంటే?"

"మేకు లేని ఇల్లు గదా. చీలలు ఊడగొట్టుకుంట పోతె ఎట్ల ఎక్కిచ్చిన్రో గట్లనే దిగుతది. గది తీస్కపోయి నువ్వు యాడ జూపెడితె ఆడ మల్ల నిలబెడ్త."

"నారపల్లిల నాకొక జాగ ఉన్నది."

"అయితె ఇంకేంది? నాది జిమ్మ."

ఆ మాట పట్టుకుని ఆమె తమ్ముడి దగ్గరికి పోయి, తనకు ఫ్లాట్లు వద్దంది. భూమి మీరు తీసుకోండి, కర్ర నాకివ్వండి అంది. ఉమామహేశ్వర్ మొదట పరాచికం అనుకున్నాడు. పరాచికం కాదని తెలిశాక తల పట్టుకున్నాడు. బిల్డరు మాత్రం, ఈ టీచరమ్మ మనసు మారకముందే కాగితాలు కానివ్వండని తొందరపెట్టాడు. వాడి లెక్కలో పాత కర్ర అంటే లారీ కిరాయి దండగ. అలా ఒక మనిషి తన వాటా మొత్తాన్ని ఒక వడ్లాయన నోటిమాట మీద పెట్టింది. కనకరాజు ఆ సంగతి సారలమ్మకు చెప్పి ఎంత మురిసిపోయాడో! భయపడాల్సింది. మురిసిపోయాడు.

ఎండాకాలంలో విప్పడం మొదలుపెట్టారు. పెంకలు దించారు, దంతెలు దించారు. గోడలు తొలిచి దూలాలను వాటి గూళ్ళలోంచి బయటికి లాగారు. మొదటి దూలం నేలమీద పెట్టి వెనక్కి తిప్పగానే కనకరాజు కూలివాళ్ళను ఆగమని చెయ్యెత్తాడు. పరుగున పోయి, అరుగు మీద కూచున్న తారామణిని పిలుచుకొచ్చాడు.

దూలం వెనక మొహం మీద ఉలితో కొట్టిన గీతలున్నాయి. వడ్లవాళ్ళ పద్ధతి అది. ఏ దూలం ఏ స్తంభానికి జతో, ఆ రెండింటికీ ఒకటే గుర్తు కొడతారు. తూర్పు దిక్కుకు నిలువు గీతలు, పడమరకు అడ్డగీతలు, ఉత్తరానికీ దక్షిణానికీ వేరే గుర్తులు. ఆ గుర్తులు ఎప్పుడూ గోడవైపు మొహానికే కొడతారు, ఇంట్లోవాళ్ళ కంట పడకూడదని. లోతుగా కొట్టరు, గోరు దిగినంతే, నిలబడి మొయ్యాల్సిన కర్రను గాయపరచకూడదని. వేళ్ళకు తగిలితే చాలు.

అయితే అక్కడ ఒక వరస కాదు, రెండు వరసలున్నాయి. ఒకటి అరిగిపోయిన పాతది, దాని పక్కన ఇంకొకటి, వేరే చేతిది.

"తారక్కా, గీ ఇల్లు ఒకపారి ఎక్కింది, దిగింది, మల్లొకపారి ఎక్కింది" అన్నాడు కనకరాజు.

వాళ్ళింట్లో ఒక కథ ఉండేది. మూసీ వరదలొచ్చి పట్నం కొట్టుకుపోయిన తర్వాత, నీళ్ళను ఆపడానికి పడమట పెద్ద చెరువులు కట్టినప్పుడు తమ ఊరు మునిగిందనీ, ముత్తాత ఇంటిని ఎడ్లబండ్ల మీద వేసుకుని ఉప్పల్‌కు తెచ్చాడనీ తాత చెప్పేవాడు. ఇంటిని బండిమీద ఎలా తెస్తారని పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. తారామణి ఇప్పుడు ఆ గీతల మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. "పాపం, తాతను అబద్ధాలకోరంటిమి" అంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

అక్కడినుంచి ప్రతి కర్రా ఒక కబురు చెప్పింది. దక్షిణ దాలానంలో ఒక స్తంభానికి పాత వరస లేదు. బండి మీద వస్తూ దారిలో ఒకటి విరిగి ఉంటుందని, ఇది ఉప్పల్‌లో చేయించిందని కనకరాజు తేల్చాడు. తూర్పు దూలాలన్నీ ఒకే చెట్టువి. వంటింటి దంతెలు చింతవి, అవి తర్వాతి తరంలో వచ్చిచేరాయి. బడులు తెరిచాక కూడా ఆమె రోజూ బడి కాగానే ఆటో ఎక్కి వచ్చేది, ఇవాళ ఏం దొరికిందని అడిగేది. కనకరాజు ప్రతి కర్రకూ పాత గీతల పక్కన తన ఉలితో మూడో వరస కొట్టాడు. బతుకులో అంత సంతోషంగా ఏ పనీ చెయ్యలేదని తర్వాత ఎన్నోసార్లు అన్నాడు.

ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. వడ్లవాళ్ళు రందా పట్టేది కనబడే మూడు మొహాలకే. గోడవైపు మొహం జోలికి ఎవరూ పోరు. కనబడని దానికి చెమటెందుకని వదిలేస్తారు. అందుకే ఆ గీతలను చెరపొద్దని ఏ తండ్రీ ఏ కొడుకుకూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

కర్రంతా కనకరాజు షెడ్డు చేరింది. ఏడాదిలో ఇల్లు లేస్తుందనుకున్నారు. కానీ నారపల్లి జాగాకు హద్దుల తగాదా వచ్చింది. పొలాలను ప్లాట్లు చేసి అమ్మినవాళ్ళు ఒకే ముక్కను ఇద్దరికి అమ్మారు. కోర్టులో మూడేళ్ళు నలిగింది. తారామణి నాచారంలో ఒక గది అద్దెకు తీసుకుంది. తమ్ముడు వచ్చి తన ఫ్లాట్లలో ఒకటి తీసుకోమని బతిమాలితే, "నా ఇల్లు షెడ్డుల ఉన్నది, పోయి సూసిరా" అని పంపేది. ఆదివారం ఆదివారం వచ్చి టార్పాలిన్ ఎత్తి చూసుకునేది.

రెండు వేల పదకొండు ఎండాకాలంలో తగాదా తెగింది. పునాది తవ్వించడానికి నారపల్లి చుట్టూ తిరుగుతూ తారామణి ఆదివారాలు కూడా షెడ్డుకు రావడం మానేసింది. కనకరాజు టార్పాలిన్ తీసి కర్రను ఒకసారి ఎగాదిగా చూశాడు. వందేళ్ళ పొగ, మసి, మూడు వానాకాలాల బూజు. ఇంత నల్లటి ఇంటిని ఆమె చేతిలో పెట్టడానికి అతనికి మనసొప్పలేదు. చేత్తో రందా పడితే ఏడాది పడుతుంది, పైగా కుడి భుజం ఎప్పుడో మొరాయించింది. మల్లాపూర్‌లో పట్టాభిరామయ్య సామిల్లుకు కొత్త మిషన్ వచ్చిందని విన్నాడు. ఒకవైపు దుంగ పెడితే రెండోవైపు నాలుగు మొహాలూ నున్నగా అయి వస్తుందట. అక్కకు చెప్పకుండా చేయించాలి, పునాది దగ్గరికి బంగారంలాంటి కర్ర దించాలి, ఆమె మొహం చూడాలి. అదీ అతని ఆశ.

లారీకి ఎత్తేటప్పుడు సారలమ్మ అడ్డం వచ్చింది. "దర్వాజను యాడికి తీస్కపోతున్నవ్? గడప లక్ష్మి. పసుపు రాసిన గడపను మిషన్ల పెడ్తవా? కండ్లు పోతయి!" పెళ్ళాంతో వాదించే ఓపిక లేక పెద్ద దర్వాజను షెడ్డులోనే వదిలాడు. మిగతాదంతా మల్లాపూర్ పోయింది.

పట్టాభిరామయ్య గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మర్యాదస్తుడు. మొదటి దూలం మీద చెయ్యి వేసి, "నాలుగు పక్కలా తీసెయ్యమంటారాండీ?" అని అడిగాడు.

"తియ్యుండ్రి. మస్తు మెరవాలె" అన్నాడు కనకరాజు.

తనే దగ్గరుండి ఒక్కొక్కటే మిషన్‌కు అందించాడు. అటునుంచి మసి పోయి తేనెరంగులో టేకు బయటికి వస్తుంటే చిన్నపిల్లాడిలా అటుపక్కకు ఉరికి చూసేవాడు. పొట్టు గుట్టగా పడింది. వాసనకు మిల్లులో కూలివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. చూసినప్పుడల్లా ముందు మొహమే చూశాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్నది ఆ మొహమే. రెండో రోజు మధ్యాహ్నానికి స్తంభాలు అయిపోయాయి, దూలాలు అయిపోయాయి, చివరి దంతె బయటికి వచ్చింది. లారీకి ఎక్కించే ముందు తూర్పువి ఒకచోట, పడమటివి ఒకచోట వేద్దామని ఒక దూలాన్ని వెనక్కి తిప్పాడు.

వెనక మొహం కూడా మెరుస్తోంది.

ఇంకోటి తిప్పాడు. ఇంకోటి. తర్వాత పొట్టు గుట్ట దగ్గర కూలబడి రెండు చేతులతో పొట్టు ఎత్తి వేళ్ళ సందుల్లోంచి చూడసాగాడు. పట్టాభిరామయ్య కంగారుపడి, "ఏం పడిపోయిందండీ? ఉంగరమా?" అని అడిగాడు. కనకరాజు పొట్టు వెతుకుతూనే ఉన్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు.

ఆ వెంటనే ఆమె దగ్గరికి పోయి చెప్పి ఉంటే బాగుండేది. పోలేదు. జతలు చూసి కలిపేస్తే ఆమెకు తెలియనే తెలియదు కదా అనుకున్నాడు. ఈ లోపల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చిపడింది. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, పనుల్లేక షెడ్లన్నీ నిశ్శబ్దమయ్యాయి. తారామణికి సెలవు దొరికింది. టిఫిన్ డబ్బా పట్టుకుని నడుచుకుంటూ షెడ్డుకు వచ్చింది.

కర్రను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. లోపలికి వచ్చి ఒక స్తంభాన్ని పట్టుకుని, "మా అవ్వ సూడలే, మా అమ్మ సూడలే. గీ రంగు నేను సూస్తున్న" అంది. కనకరాజు ఏ మొహం చూడాలని ఇదంతా చేశాడో ఆ మొహం ఎదురుగానే ఉంది. తల దించుకుని ఉలి నూరుతూ కూచున్నాడు.

రోజూ వచ్చి కుర్చీ వేసుకుని కూచునేది. అతను దూలం నాలుకను ఒక స్తంభం బెజ్జంలో పెట్టి చూసేవాడు, తీసి ఇంకోదాంట్లో పెట్టేవాడు. పాతకాలం పనివాళ్ళు కొలబద్ద పెట్టి అన్నీ ఒకటే కొలతకు చెక్కలేదు. ప్రతి నాలుకనూ దాని బెజ్జానికే సరిపెట్టి చెక్కారు, చెప్పును కాలికి కుట్టినట్టు. ఒక జత కుదిరినట్టే ఉండి దిగేది కాదు. ఇంకోటి దిగి లొడలొడ ఆడేది. మిషన్ నాలుగు పక్కలా కొంత కొంత తినేసింది కాబట్టి అసలు జతే దొరికినా అది అసలు జతని పోల్చుకునే దారి లేదు, కొత్తగా నాలుకలు చెక్కితే దూలాలు పొట్టివైపోతాయి. తారామణి లెక్కల టీచరు. మూడు రోజులు చూసి, నాలుగో రోజు అడిగేసింది.

"గీతలు సూసి కలుపుతవ్ గదా, మరి గిట్ల ఒక్కొక్కటే ఎందుకు పెట్టి సూస్తున్నవ్?"

"గీతలు లెవ్వక్కా."

"లెవ్వా?"

"మిషన్ల పోయినయి. నేనే పెట్టిన. నా చేతులతోనే."

ఆమె లేచి ఒక దూలాన్ని వెనక్కి తిప్పమంది. తిప్పాడు. గీతలుండే చోట అరచెయ్యి పెట్టి చూసింది. ఏమీ తగల్లేదు. కింద పడి ఉన్న సుద్దముక్క తీసుకుని, గచ్చు నేలమీద ఎన్ని రకాలుగా కలిపి చూడాలో లెక్కవేయడం మొదలుపెట్టింది. అంకె పొడవు పెరిగి గోడదాకా పోయింది. సగంలో ఆపి కాలితో చెరిపేసింది. అప్పుడు కుర్చీలో కూచుని అతన్ని చూసింది.

"తాగి తగలబెట్టినా బాగుండు, దొంగతనంగ అమ్ముకుని తిన్నా బాగుండు. నోటికొచ్చినట్టు తిట్టిపోసేదాన్ని. నా కోసమని మెరిపిచ్చినవ్. నిన్ను ఏమని తిట్టాలె కనకరాజూ? నాకు తిట్టే దారి గూడ లేకుండ జేసినవ్."

అతను ఆమె కాళ్ళ దగ్గర కూచుని ఏడ్చాడు. పెద్దగా, సిగ్గులేకుండా ఏడ్చాడు. ఆమె ఓదార్చలేదు, అలాగని లేచి పోనూ పోలేదు.

సమ్మె ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ ప్రయత్నం వదల్లేదు. చివరికి నాలుగు స్తంభాలు, నాలుగు దూలాలు ఎలాగో కలిపి షెడ్డు ముందు నిలబెట్టాడు. పొద్దున నిలబడింది, ఎండ పడేసరికి ఒకవైపు వాలింది, సాయంత్రానికి చీలలు కక్కుకుంటూ మెల్లగా కూచుండిపోయింది. "ఇగ సాలు" అంది తారామణి. బడులు తెరిచారు. ఆమె బడికి పోయింది.

నారపల్లి పునాది మీద రెండు గదుల స్లాబు ఇల్లు లేచింది. కర్ర తన కళ్ళముందు అమ్మొద్దని మాత్రమే ఆమె అడిగింది. వరంగల్ రోడ్డు మీద పల్లె వంటల హోటల్ పెడుతున్నవాళ్ళు స్తంభాలు కొనుక్కుపోయి స్లాబు కింద షోకుకు నిలబెట్టారు. అవిప్పుడు ఏమీ మొయ్యవు. వాటి ముందు నిలబడి జనం ఫోటోలు దిగుతారు. దూలాలు ఎవరెవరి తలుపులుగానో మారి ఎటెటో పోయాయి. ఇంటికంతటికీ మిగిలింది సారలమ్మ లారీ ఎక్కనివ్వని పెద్ద దర్వాజ ఒక్కటే. దాన్ని తారామణి స్లాబు ఇంటికి పెట్టించుకుంది. రెండు గదుల ఇంటికి అది మరీ పెద్దది, ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. మేస్త్రీ సిమెంటు వేస్తుంటే కనకరాజు ఎప్పటిలాగే వెనక్కి జరిగి నిలబడ్డాడు. గోడవైపు మొహం గోడలోకి పోయింది.

ఆ తర్వాత అతను రందా పట్టలేదు. తలుపులు చేసేవాడు, కానీ రందాకు పక్క షెడ్డుకు పంపేవాడు. మెరుపు కనకరాజు అనే మాట మెల్లగా పోయి, వట్టి కనకరాజు మిగిలాడు. సారలమ్మ పీటకు మరకలు పడ్డాయి. ఒకరోజు ఆమే దాన్ని తెచ్చి ముందు పెట్టి, "జర రందా పట్టరాదు" అంది. దెప్పడానికి కాదు. అతను పీటను తిప్పి వెనకవైపు చూసి, తిరిగి ఆమె చేతికిచ్చాడు.

రెండు వేల పద్నాలుగు, జూన్ రెండో తేదీ. తెలంగాణ వచ్చిన రోజు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా రోడ్డంతా జెండాలు, డప్పులు, మొహాల నిండా రంగులు. కనకరాజు కూడా సంతోషంగానే ఉన్నాడు. ముందురోజు రాత్రంతా గల్లీలో పటాకులు కాల్చారు. పొద్దున తారామణి ఫోన్ చేసింది. ముందుగా పడ్డ రెండు వానలకు దర్వాజ పక్కకు ఒరిగిందట, తలుపు మూసుకోవడం లేదట. పండగ పూట ఎందుకని సారలమ్మ అన్నా వినకుండా, ఉలి, సుత్తె పట్టుకుని షేర్ ఆటో ఎక్కాడు.

పునాది ఒక మూల కుంగింది. దర్వాజను సరిచెయ్యాలంటే ఎడమపక్క గోడను కాస్త తొలవాలి. నెమ్మదిగా సిమెంటు పెళ్ళలు రాల్చాడు. జానెడు తొలిచేసరికి పాత టేకు నల్లగా కనబడింది. ఊది, దుమ్ము తుడిచి, మట్టం చూద్దామని వేలు పెట్టాడు. వేలికి తగిలాయి.

మూడు వరసలు. మునిగిపోయిన ఊళ్ళో ఎవరో కొట్టినవి, ఉప్పల్‌లో ఇంకెవరో కొట్టినవి, వాటి పక్కన తను కొట్టినవి.

తారామణి వెనక నిలబడి ఉంది. "ఏమొచ్చింది?"

"గీతలు."

ఆమె ముందుకు వచ్చి వంగి చూసింది. "సదువు" అంది.

"తూర్పు దిక్కు, పెద్ద దర్వాజ..." అని ఆగాడు. "దీని ఎడమ పక్కకు మొదటి స్తంభం."

దర్వాజకు ఎడమ పక్కన ఆమె స్విచ్చుబోర్డు ఉంది. దాని కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ. ఇద్దరూ అటు చూశారు. రోడ్డు మీద ఊరేగింపు పోతోంది, పిల్లలు జై కొడుతున్నారు.

"ఇంకా గదే అంటున్నదా?"

"గదే అంటదక్కా. దానికేం దెలుసు."

ఆమె గోడకు చెయ్యి ఆనించి కాసేపు నిలబడింది. కనకరాజు దర్వాజను మట్టానికి తెచ్చి చెక్కముక్కలు బిగించాడు. తలుపు సరిగ్గా మూసుకుంది. ఆ సందు పూడ్చడానికి మేస్త్రీని రేపు పంపుతానన్నాడు.

"రేపటిదాంక ఒద్దు. నువ్వే మూసెయ్యి కనకరాజూ" అంది తారామణి. "ఎన్నేండ్లని ఎదురుసూస్తది? నాకు సూడ శాతనైతలేదు."

ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు వెనక పంచలో సంచిలో ఉంది. గడ్డలు నలిపి ఇసుకలో కలిపి, నీళ్ళు పోసుకున్నాడు. తాపీ లేదు. నలభై ఏళ్ళు ముట్టనివాడు వేళ్ళతోనే ఎత్తి, సందులో కూరి, బొటనవేలితో అదిమాడు. ముందు పాత గీతలు పోయాయి, తర్వాత రెండో చేతివి, చివరికి తనవి. తర్వాత దాని మీద అరచెయ్యి ఆనించి అట్లాగే కూచున్నాడు. బయట డప్పులు దూరమయ్యాయి. ఆమె ఇక లెమ్మంది, చాయ్ చల్లారుతోందంది. గట్టిపడేదాకా అతను చెయ్యి తియ్యలేదు.